దీర్ఘకాలిక పేగు జబ్బుతో బతకడం, మన స్వభావం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ ఎవరి కోసం?

క్రోన్స్ జబ్బు, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్ళ కోసం, వాళ్ళతో ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్ళ కోసం. ఈ రెంటినీ కలిపి డాక్టర్లు ఐబీడీ అంటారు. పేగు గోడ వాస్తుంది, పుండ్లు పడతాయి, కొందరికి మోషన్‌లో రక్తం, జిగట పడతాయి. కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ తిరగబెడుతుంది. ఐబీఎస్ అని ఇంకోటి ఉంది. పేరు దగ్గరగా ఉన్నా అందులో పుండ్లు ఉండవు. ఇక్కడ మాట్లాడేది ఐబీడీ గురించి. నాకు కొలైటిస్ ఉంది, డాక్టర్ని మాత్రం కాదు. పరిశోధనల్లో తేలినవి కొన్ని, తోటి పేషెంట్ల దగ్గర విన్నవి కొన్ని ఇక్కడ రాశాను. మందుల సంగతి మీ గ్యాస్ట్రో డాక్టరుతోనే తేల్చుకోండి.

"నువ్వు ప్రతిదానికీ ఆలోచిస్తావు, అందుకే ఇది వచ్చింది" అంటున్నారు. నిజంగా నా స్వభావం వల్లే వచ్చిందా?

లేదు. మన చుట్టాలకన్నా ముందు ఈ మాట అన్నది డాక్టర్లే. 1930లో సెసిల్ మర్రే అనే అమెరికన్ డాక్టరు రక్త విరేచనాలకు మనసులోని సంఘర్షణే కారణమని రాశాడు. తర్వాత చికాగోలో ఫ్రాంజ్ అలెగ్జాండర్ అనే మనోవిశ్లేషకుడు మనసు వల్ల వచ్చే జబ్బులని ఏడింటిని జాబితా కట్టాడు. ఆస్తమా, బీపీ, కడుపులో అల్సర్‌తో పాటు కొలైటిస్ కూడా అందులో ఉంది. తల్లి చాటు బిడ్డలు, కోపం మింగేసేవాళ్ళు, అతి శుభ్రం పాటించేవాళ్ళు, ఇలా 'కొలైటిస్ స్వభావం' అని ఒక బొమ్మ గీసేశారు. అప్పట్లో ఎంతమంది తల్లులు తమను తాము తిట్టుకుని ఉంటారో!

1990లో అమెరికాలో కొందరు పరిశోధకులు కొలైటిస్‌కీ మనసుకూ సంబంధం మీద అప్పటిదాకా వచ్చిన 138 అధ్యయనాలను ముందేసుకుని చూశారు. పద్ధతిగా, ఆరోగ్యవంతులతో పోల్చి చేసిన కొద్దిపాటి వాటిలో ఆ సంబంధం కనిపించలేదు. సంబంధం ఉందన్నవాటిలో చాలావరకు చేసిన తీరులోనే లోపాలున్నాయి. జాబితాలోని అల్సర్ కథ ఇంకా బాగా తిరగబడింది. దాని వెనక ఎక్కువగా ఉన్నది హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా అని బారీ మార్షల్, రాబిన్ వారెన్ చూపించి 2005లో నోబెల్ అందుకున్నారు.

ఐబీడీకి ఈరోజు చెప్పే కారణాలు వేరు. జన్యువుల్లో కొంత మొగ్గు ఉంటుంది. దానికి పేగులోని సూక్ష్మజీవుల మార్పులు, తిండి, పరిసరాలు, క్రోన్స్‌లో అయితే సిగరెట్టు కూడా తోడై రోగనిరోధక వ్యవస్థ దారి తప్పుతుంది. పిరికివాళ్ళకూ వస్తుంది, మొండివాళ్ళకూ వస్తుంది. పట్నం టెన్షన్ల వల్ల వచ్చే జబ్బు అనుకోవడానికీ లేదు. తెలంగాణలో పొట్ట సమస్యలతో వచ్చినవాళ్ళను పరీక్షించి 2023లో వెలువరించిన అధ్యయనంలో పల్లెకూ పట్నానికీ పెద్ద తేడా కనబడలేదు.

కానీ టెన్షన్ పడ్డప్పుడే నాకు తిరగబెడుతోంది. ఇది నా భ్రమా?

భ్రమ కాకపోవచ్చు. జబ్బు రావడానికి కారణం కాకపోయినా, ఉన్న జబ్బు రేగడంలో ఒత్తిడికి వాటా ఉంది. కెనడాలో మానిటోబా రాష్ట్రంలోని పరిశోధకులు ఐబీడీ ఉన్నవాళ్ళను ఏడాది పాటు వెంబడించి, 2010లో ఫలితాలు ప్రచురించారు. నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్స్, ఇన్ఫెక్షన్లు, ఒత్తిడి, అన్నీ లెక్కలోకి తీసుకున్నారు. లక్షణాలు రేగడంతో గట్టిగా ముడిపడి కనిపించింది ఒత్తిడి, దాని వెంట వచ్చే దిగులు. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. కష్టం ఎంత పెద్దదన్న దానికన్నా, అది మనకెంత బరువుగా అనిపించిందన్నదే లెక్కలోకి వచ్చింది. స్వభావం ప్రమేయం ఇక్కడ మొదలవుతుంది.

అయితే "టెన్షన్ వల్లే" అని సరిపెట్టుకుని పరీక్షలు మానేయకండి. రోజుకు ఆరుసార్లు, అంతకు మించి రక్తంతో మోషన్ అవుతూ, జ్వరమో గుండె దడో తోడైతే అది తీవ్రమైన కొలైటిస్ కింద లెక్క. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

స్వభావం అంటే ఇక్కడ ఏమిటి? జాతకంలా చెప్పేదా?

మనస్తత్వ శాస్త్రంలో ఎక్కువగా వాడేది అయిదు గుణాల కొలత. త్వరగా కలవరపడటం, కలుపుగోలుతనం, పద్ధతిగా ఉండటం, నలుగురితో సర్దుకుపోవడం, కొత్తదాన్ని రానివ్వడం. అందరిలోనూ అయిదూ ఉంటాయి, పాళ్ళు వేరు. పేగు జబ్బు విషయంలో మళ్ళీ మళ్ళీ తేలేది మొదటిదే. దాన్ని న్యూరాటిసిజమ్ అంటారు. జబ్బు ఒకే స్థాయిలో ఉన్నా, ఈ గుణం ఎక్కువున్నవాళ్ళు బతుకు మరింత ఇరుకైపోయిందని చెబుతారు. ఈ ఇరుకును కొలవడానికి ఐబీడీక్యూ అని 32 ప్రశ్నల కొలమానం ఉంది. మోషన్లు, నీరసం, మనసు, నలుగురిలో తిరగడం, ఈ నాలుగూ అడుగుతుంది. మార్కులు 32 నుంచి 224 దాకా, ఎక్కువొస్తే బాగున్నట్టు. పేగు బాగున్నా మార్కులు తక్కువొచ్చేవాళ్ళున్నారు, పేగు బాగాలేకున్నా పర్వాలేదనిపించుకునేవాళ్ళూ ఉన్నారు.

నేను చిన్నదానికీ కంగారు పడే రకం. కడుపులో కాస్త గుడగుడలాడినా మళ్ళీ మొదలైందేమో అనిపిస్తుంది. ఏం చేయాలి?

ముందు ఒక మాట. ఒకసారి రక్తం చూసిన మనిషికి ఆ భయం ఉండటంలో వింతేమీ లేదు. చిక్కంతా భయం రోజంతా కాపలా కాస్తుంటేనే. ఫ్లష్ చేసే ముందు ఫోన్ లైటు వేసి చూడటం, రెండు నిమిషాలకోసారి పొట్ట మీద చెయ్యి పెట్టుకోవడం, రాత్రి పన్నెండింటికి గూగుల్ తెరవడం, ఇవన్నీ ఈ రకం మనుషులకు తెలిసిన పనులే. అంత గమనిస్తే మామూలు పేగు కదలిక కూడా నొప్పిలా అనిపిస్తుంది.

దీనికి తోడు ఇంకో తిరకాసు ఉంది. జబ్బు పూర్తిగా అదుపులో ఉన్నవాళ్ళలోనూ సుమారు మూడో వంతు మందికి ఐబీఎస్ లాంటి లక్షణాలు మిగిలిపోతాయి. ఉబ్బరం, నొప్పి, రెండు మూడుసార్లు వెళ్ళాల్సి రావడం. ఇది ఫ్లేరా, అంటే జబ్బు తిరగబెట్టడమా, లేక మిగిలిపోయిన ఇబ్బందా అని మనసులో ఎంత తర్కించుకున్నా తేలదు. ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్ అనే మోషన్ పరీక్ష చాలావరకు తేలుస్తుంది. 250 దాటితే పేగులో వాపు ఉండవచ్చని డాక్టరు అనుమానిస్తారు, 50 లోపు ఉంటే సాధారణంగా ఊపిరి పీల్చుకోవచ్చు. మధ్యలో వస్తే మళ్ళీ చేయిస్తారు. కంగారు మనిషికి ధైర్యవచనాల కన్నా ఈ పరీక్ష చాలా నయం.

రోజువారీ గమనింపును ఒక వేళకు కుదించుకోండి. రాత్రి పడుకోబోయే ముందు డైరీలో మూడే మూడు రాయండి: ఎన్నిసార్లు వెళ్ళాను, రక్తం పడిందా, రాత్రి నిద్రలో లేవాల్సి వచ్చిందా. డాక్టరుకు ఎప్పుడు ఫోన్ చేయాలో కూడా బాగున్న రోజున, డాక్టర్నే అడిగి ముందే రాసి పెట్టుకోండి. కంగారులో ఉన్నప్పుడు ఏది ప్రమాదమో తేల్చుకునే పని పెట్టుకోకూడదు.

ఇలాంటివాళ్ళను తక్కువ చేసి చూడటం నాకు నచ్చదు. మందు మర్చిపోనిదీ, రిపోర్టులన్నీ ఫైల్లో తేదీల వరుసలో ఉంచుకునేదీ తరచు వీళ్ళే.

పద్ధతిగా, క్రమశిక్షణతో ఉండేవాళ్ళకు ఈ జబ్బుతో తేలికా?

చాలావరకు అవును. ఈ జబ్బులో బాగున్న రోజుల్లో కూడా మందు వేసుకోవాలి, చిక్కంతా అక్కడే. 2003లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, కొలైటిస్ అదుపులోకి వచ్చి మెసాలమిన్ వాడుతున్న 99 మందిని గమనించారు. మందు సరిగ్గా వాడినవాళ్ళలో రెండేళ్ళ తర్వాత 89 శాతం మంది బాగానే ఉన్నారు. వాడనివాళ్ళలో 39 శాతమే. మోషన్లు మామూలయ్యాక "ఇంక మాత్రలెందుకు, వేడి చేస్తుంది" అని ఆపేసి, ఆరు నెలలకు మళ్ళీ బాత్రూమ్ బాట పట్టిన కథ ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది.

"నాకేం కాదులే" అనే ధీమా రకానికి ఉపదేశం ఎక్కదు. మాత్రలను టూత్‌బ్రష్ పక్కన పెట్టడం, రోజుకు మూడు విడతల మోతాదును ఒకే విడతలో వేసుకోవచ్చా అని డాక్టర్ని అడగడం పనికొస్తాయి. మెసాలమిన్‌లో చాలా రకాలను అలా వేసుకునే వీలుంది.

పద్ధతి మరీ ముదిరితే ఇంకో గొడవ. అన్నీ సవ్యంగా జరిగి తీరాలనే మనిషికి ఈ జబ్బు పెద్ద అవమానంలా తోస్తుంది. మజ్జిగన్నం తిని, పథ్యం చేసి, మందు వేసుకుని, వేళకు పడుకున్నా ఫ్లేర్ రావచ్చు. "ఎక్కడ తప్పు చేశాను" అని వెతుకుతారు. ఏదీ దొరక్కపోతే ఒక్కో పదార్థం మానేస్తూ పోతారు. ముందు కారం, తర్వాత పప్పు, తర్వాత పాలు, కూరగాయలు. చివరికి కంచంలో మెత్తటి అన్నం, చారు మిగులుతాయి. బరువు తగ్గి, ఐరన్, బి12 అడుగంటి, ఆ నీరసాన్ని మళ్ళీ జబ్బు ఖాతాలో రాస్తారు. ఫ్లేర్‌లో కొన్ని మానడం వేరు, బాగున్నప్పుడు అన్నీ మానడం వేరు. డైటీషియన్‌ని కలిసి మానేసినవి ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకోవాలి. కెనడాలో ఐబీడీ పేషెంట్ల మీద చేసిన ఒక చిన్న అధ్యయనం కూడా ఈ పరిపూర్ణత పట్టుదలను జబ్బు తెచ్చే మానసిక భారంతో ముడిపెట్టింది.

నాకు మొహమాటం ఎక్కువ. పెళ్ళిళ్ళలో, ఆఫీసులో వద్దనలేను.

పరిశోధకుల పుస్తకాల్లో ఇది సర్దుకుపోయే గుణం కింద మంచి మార్కులే తెచ్చుకుంటుంది. మన దగ్గర దాని ఖరీదు వేరు. మొహమాటానికి పోతే కడుపయిందని సామెత, మన విషయంలో కడుపు పాడైందనుకోవాలి.

పంక్తిలో కూర్చున్నారు. గోంగూర పచ్చడి గరిటెతో మనిషి మీ ఆకు ముందు వంగి నిలబడ్డాడు. వెనకాల పెద్దమ్మ, "వెయ్యి నాయనా, ఎలా చిక్కిపోయాడో చూడు" అంటోంది. అప్పటికప్పుడు జబ్బు పేరు చెప్పి పాఠం మొదలుపెట్టలేరు. "డాక్టరు కారం వద్దన్నారు పెద్దమ్మా, పెరుగన్నం దగ్గర రెండోసారి వడ్డించమను" అంటే చాలు. వద్దన్న మాటను డాక్టరు మీదికి తోసేసి, పెద్దమ్మకు వడ్డించే ఇంకో అవకాశం ఇచ్చేశారు. ఈ మాటలు ఇంట్లోనే రెండుసార్లు పైకి అనుకుని వెళ్ళండి, నవ్వుకున్నా పర్లేదు.

ఆఫీసులోనూ అంతే. నైట్ షిఫ్టు వేస్తే కాదనలేక, మీటింగ్ మధ్యలో లేవలేక బిగబట్టుకుని కూర్చునేవాళ్ళున్నారు. మేనేజరుకు జబ్బు వివరాలన్నీ చెప్పక్కర్లేదు. "నాకు పేగు సమస్య ఉంది, మధ్యలో లేవాల్సి వస్తుంది, చివర కూర్చుంటాను" అన్న ఒక్క వాక్యం సరిపోతుంది.

ఇవన్నీ ఎవరితోనూ చెప్పుకోలేను. లోపలే దాచుకునే స్వభావం నాది.

యోహాన్ డెనోలెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మొదట గుండె జబ్బుల వాళ్ళను చూసి, 'టైప్ డి' అని ఒక స్వభావాన్ని వర్ణించాడు. దిగులు ఎక్కువ, దాన్ని బయటపెట్టే అలవాటు తక్కువ. రెండూ ఒకచోట కలిస్తే చేటని అతని వాదన. తర్వాత ఐబీడీలోనూ ఈ రకాన్ని వెతికి చూశారు. ఇంకొందరికి దాచుకోవడం కూడా కాదు, లోపల ఏమవుతోందో మాటల్లో పెట్టడమే రాదు. "ఎలా ఉంది?" అంటే "నొప్పిగా ఉంది" తప్ప "భయంగా ఉంది" అన్న మాట రాదు.

పైగా మనది మోషన్ల జబ్బు. గుండె ఆపరేషన్ అయితే నలుగురికీ చెప్పుకుంటారు, మోషన్‌లో రక్తం సంగతి భార్యకు కూడా చెప్పనివాళ్ళున్నారు. చెప్పకుండా మొలల మందు తెచ్చి వాడుకుంటారు. విజయవాడ నుంచి హైదరాబాద్ బస్సెక్కాలంటే ముందు రోజు రాత్రి నుంచే పస్తు, తలుపు దగ్గర సీటు, బస్సు ఎక్కడ ఆపుతాడన్న బెంగ. పక్కనున్న మనిషికి ఇవేమీ తెలియవు, ముభావంగా ఉన్నాడనుకుంటాడు. మెల్లగా ప్రయాణాలు, తర్వాత సినిమాలు, తర్వాత చుట్టాలిళ్ళు మానేస్తారు.

అందరికీ చెప్పాలని ఎవరూ బలవంతపెట్టలేరు. ఒక్క మనిషిని ఎంచుకోండి. నోటితో రాకపోతే వాట్సాప్‌లో రాయండి. తోటి పేషెంట్లతో మాట్లాడటం దాచుకునేవాళ్ళకు తరచు తేలిక, ఎందుకంటే అవతలివాళ్ళు మొహం చిట్లించరు. బస్సు బదులు రైలు చూసుకోవడం, ఇంకో జత బట్టలు, తడి టిష్యూలు ఒక సంచిలో ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవడం కూడా ధైర్యాన్నిస్తాయి.

డాక్టర్లెవరినీ నమ్మలేకపోతున్నాను. ఇది నా స్వభావ దోషమా?

దోషమని తొందరపడి అనుకోవద్దు. మన దేశంలో ఈ జబ్బు చాలామందిలో ఆలస్యంగా బయటపడుతుంది. మొదట అమీబా అంటారు, తర్వాత మొలలంటారు. క్రోన్స్ అయితే పేగు టీబీలాగే కనిపిస్తుంది, బయాప్సీలోనూ తేలకపోవచ్చు, అందుకని ముందు టీబీ మందులు వాడి చూసే పద్ధతి ఇక్కడ ఉంది. నెలల తరబడి అన్ని మాత్రలు మింగి, "టీబీ కాదు" అనిపించుకున్న మనిషి తర్వాతి డాక్టర్ని అనుమానంగా చూడటం సహజం. నేనూ మొదట్లో ఒకచోట చాలాకాలం మొలలకే మందు తిన్నాను. అనుమానాన్ని ప్రశ్నలుగా మార్చండి: ఏ ఆధారంతో క్రోన్స్ అంటున్నారు, ఈ మందు పనిచేస్తోందని ఎప్పటికి తెలుస్తుంది, పనిచేయకపోతే తర్వాత ఏమిటి. వీటికి ఓపిగ్గా జవాబిచ్చే డాక్టరు దొరికాక మాత్రం మాటిమాటికీ మార్చకండి.

స్టెరాయిడ్లు మొదలుపెట్టాక మా ఆయన మనిషే మారిపోయాడు. ఇదీ స్వభావమేనా?

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వల్ల నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఉన్నట్టుండి ఏడుపు, అతి హుషారు రావచ్చు. మొహం ఉబ్బి అద్దంలో చూసుకోవడం కష్టమవుతుంది. రక్తహీనత ఉన్నా మనిషి బద్ధకస్తుడిలా, విసుగ్గా కనిపిస్తాడు. మందు ప్రభావాన్ని, హిమోగ్లోబిన్ లోటును గుణం కింద జమకట్టకండి. డాక్టరుకు చెప్పండి. స్టెరాయిడ్‌ను మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు.

పెళ్ళి సంబంధాల్లో చెప్పాలా?

చెప్పాలనే నా అభిప్రాయం. మందు డబ్బా దాచుకుంటూ కాపురం చేయడం ఏ స్వభావం వాళ్ళకైనా భారమే. అదుపులో ఉన్న ఐబీడీతో పెళ్ళి, పిల్లలు సాధ్యమే. గర్భానికి ముందు జబ్బు అదుపులో ఉండటం ముఖ్యం, మందుల్లో ఏవి మార్చాలో ముందే అడగాలి.

ఇంతకీ స్వభావాన్ని మార్చుకోగలమా?

పుట్టుగుణం అంత తేలిగ్గా మారదు. మారేవి వేరే ఉన్నాయి. హోవర్డ్ లెవెంతాల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన ప్రకారం, ప్రతి రోగీ తన జబ్బు గురించి లోపల ఒక కథ కట్టుకుంటాడు: ఎందుకొచ్చింది, ఎన్నాళ్ళుంటుంది, నా చేతిలో ఏముంది. ఆ కథను బట్టే నడుచుకుంటాడు. ఆస్ట్రేలియాలో ఐబీడీ పేషెంట్ల మీద ఇదే పరిశీలిస్తే, జబ్బు తీవ్రత దిగులుగా మారేది చాలావరకు ఈ కథ ద్వారా, తట్టుకునే తీరు ద్వారా అని కనిపించింది. "నా బతుకు అయిపోయింది" అనే కథను కౌన్సెలింగ్‌తో సరిదిద్దవచ్చు. సీబీటీ అనే పద్ధతి చేసేది చాలావరకు అదే.

అతిగా ఆశపడవద్దు. నార్వే, జర్మనీ పరిశోధకులు ఒత్తిడి ఎక్కువున్న ఐబీడీ పేషెంట్లకు సైకోథెరపీ ఇచ్చి చూస్తే, కొలైటిస్ వాళ్ళ జీవన నాణ్యత మెరుగైంది గానీ తిరగబెట్టడం తగ్గలేదు. కాబట్టి కౌన్సెలింగ్ మందుకు బదులు కాదు. యోగా, ప్రాణాయామం కూడా అంతే. చేయండి, మాత్ర వేసుకునే చేయండి.

ఇంట్లోవాళ్ళం ఏం చేయాలి?

"ఇవాళ ఎన్నిసార్లు వెళ్ళావు?" అని వాకిట్లో నిలబడి అడగకండి. కంగారు మనిషి ముందు మీ కంగారు తగ్గించుకోండి, దాచుకునే మనిషిని నలుగురిలో గుచ్చి అడగకండి, ధీమా మనిషి మందు డబ్బా మీద మాత్రం ఓ కన్నేయండి. ఇంట్లో ఒకటే బాత్రూమ్ ఉంటే పొద్దున పూట ముందు వంతు వాళ్ళదే.

కౌన్సెలర్ దగ్గరకు ఎప్పుడు వెళ్ళాలి?

రెండు వారాలకు పైగా రోజూ దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, జబ్బు అదుపులో ఉన్నా ఇల్లు కదలలేకపోవడం ఉంటే వెళ్ళండి. చచ్చిపోవాలనిపిస్తే రెండు వారాలు ఆగొద్దు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా, ఏ వేళప్పుడైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఐబీడీ ఉన్నవాళ్ళలో డిప్రెషన్, ఆందోళన మామూలు జనంలో కన్నా ఎక్కువ, కాబట్టి మీరొక్కరే ఇలా ఉన్నారనుకోవద్దు.

ఓపీలో డాక్టరు అయిదు నిమిషాలే ఇస్తారు. ఇవన్నీ ఎప్పుడు చెప్పాలి?

చీటీ మీద మూడు వాక్యాలు రాసుకెళ్ళండి. పేగు ఎలా ఉందో ఒకటి, మనసు ఎలా ఉందో ఒకటి, ఈ నెలలో ఈ జబ్బు వల్ల మానుకున్న పని ఏదో ఒకటి. చదవడానికి సిగ్గనిపిస్తే చీటీ చేతికివ్వండి. మూడో వాక్యం చూశాక చాలామంది డాక్టర్లు కుర్చీ దగ్గరకు జరుపుకుని ఇంకో ప్రశ్న అడుగుతారు.